కారు స్టీరియోలో విద్యుత్ రొద: పుట్టుక, దారులు, జాడ తీసే పద్ధతి

కారులో పాటతో కలిసి వినిపించే కూత, ఈల, టిక్కుటిక్కు, బుస వంటి చప్పుళ్లలో చాలావరకు ఆ కారు విద్యుత్ వ్యవస్థలోనే పుడతాయి. వీటన్నింటినీ కలిపి విద్యుత్ రొద అంటారు. ఇంజిన్ రేజ్ చేసినకొద్దీ పై స్థాయికి పోయే కూత ఒకటి. ఐడ్లింగ్‌లో నింపాదిగా కొట్టుకుంటూ వేగంతో పాటు తొందరపడే టిక్కుటిక్కు ఇంకొకటి. ఏసీ బ్లోవరు నాబు తిప్పగానే మారే జీర, ఫోను ఛార్జింగుకు పెట్టిన క్షణాన మొదలయ్యే సన్నటి ఈల, ఇంజిన్ ఆపినా వదలని బుస కూడా ఈ కోవలోవే. వినేవారికి అన్నీ ఒకే లోపంలా తోచినా దేని మూలం దానిదే. మూలం తెలియకుండా వేసిన ఫిల్టరు ఎక్కువసార్లు డబ్బు దండగ. ఈ పనిలో సింహభాగం జాడ తీయడమే. జాడ సరిగ్గా దొరికితే మరమ్మతుకు చాలాసార్లు ఒక స్పానరు, ఒక గరుకు కాగితం ముక్క సరిపోతాయి.

పాత తగవు

రేడియోకూ మోటారు కారుకూ తగవు మొదటినుంచీ ఉంది. 1887లో హైన్రిచ్ హెర్ట్జ్ తన ప్రయోగశాలలో రేడియో తరంగాలను పుట్టించింది విద్యుత్ స్పార్కుతోనే. పెట్రోలు ఇంజిన్‌లో ప్రతి స్పార్కు ప్లగ్గూ తెలియకుండా అదే పని చేస్తుంది. ప్లగ్గుకు వెళ్లే హైటెన్షన్ వైరు దానికి యాంటెన్నాగా మారుతుంది. షికాగోలో పాల్, జోసెఫ్ గాల్విన్ సోదరుల కంపెనీ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చినప్పుడు, సెట్టును బిగించడంతో పాటు ఇంజిన్ రొదను అణచడమూ పెద్ద పనే అయింది. ఆ రోజుల్లో ప్రతి ప్లగ్గుకూ, డిస్ట్రిబ్యూటరుకూ నిరోధకాలు, డైనమోకు కండెన్సరు తగిలించేవారు. వాల్వు రేడియో నడవడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకోసం బ్యాటరీ కరెంటును కోసికోసి ట్రాన్స్‌ఫార్మరుకు పంపే వైబ్రేటరు అనే భాగం సెట్టులోనే ఉండేది. రొద పుట్టించడంలో అదీ తక్కువది కాదు. 1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు కలిసి తెచ్చిన ట్రాన్సిస్టరు కారు రేడియోతో వైబ్రేటరు అవసరం తీరిపోవడం మొదలైంది.

మోటరోలా తొలి సెట్టు రూపొందించిన వారిలో ఎల్మర్ వేవరింగ్ ఒకరు. తర్వాతి కాలంలో అదే కంపెనీలో కార్ల ఆల్టర్నేటరు తయారీకి ఆయన నాయకత్వం వహించారు. ఇగ్నిషన్ రొదతో తొలినాళ్లలో కుస్తీ పట్టిన మనిషే, ఇవాళ కారు స్టీరియోను అన్నిటికంటే ఎక్కువ వేధించే పరికరం తయారీలోనూ చేయి వేశారన్నమాట. 1960 నాటి క్రైస్లర్ వేలియంట్‌తో ఆల్టర్నేటరు మామూలు కార్లలోకి వచ్చి, డైనమోను క్రమంగా వెనక్కి నెట్టింది. మన మెకానిక్‌లు మాత్రం ఆల్టర్నేటరును ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు.

రేడియో అంతరాయాల మీద ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంఘం సీఐఎస్‌పీఆర్ 1934లో పారిస్‌లో ఏర్పడింది. వాహనంలోనే ఉన్న రిసీవరును ఆ వాహనపు రొద నుంచి కాపాడేందుకు ఉద్దేశించినది దాని 25వ ప్రమాణం. మన దేశంలో వాహనాల విద్యుదయస్కాంత అంతరాయాల పరీక్షలకు ఏఐఎస్-004 మూడో భాగం ఆధారం. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇలాంటి పరీక్షలు చేసే సంస్థల్లో ఒకటి. వాహనానికి చేసే ఈ పరీక్షలు కంపెనీ నుంచి బయటికి వచ్చే కారుకే. ఆ తర్వాత యజమాని బిగించుకునే యాంప్లిఫయరు, డ్యాష్ కెమెరా, ఎల్ఈడీ హెడ్‌లైటు ఆ కారు పరీక్షలో ఉండవు. ఇబ్బంది ఎక్కువగా మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

చప్పుడును బట్టి మూలం

అన్నిటిలోకీ ఎక్కువగా వినిపించేది ఆల్టర్నేటరు కూత. దాని లెక్క తెలిస్తే జాడ తీయడం తేలికవుతుంది. ఆల్టర్నేటరు మూడు ఫేజుల్లో ఏసీ కరెంటు పుట్టిస్తుంది. లోపల ఉన్న డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఇలా మారిన కరెంటు బ్యాటరీ కరెంటులా నున్నగా ఉండదు, చిన్న చిన్న అలలతో వస్తుంది. సాధారణంగా కార్లలో వాడే 12 ధ్రువాల రోటరు ఒక్కసారి తిరిగితే 36 అలలు వస్తాయి. ఇంజిన్ పుల్లీ కంటే ఆల్టర్నేటరు పుల్లీ చిన్నది కాబట్టి అది రెండున్నర నుంచి మూడు రెట్ల వేగంతో తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉందనుకుంటే, మూడు రెట్ల లెక్కన ఆల్టర్నేటరు 2,400 చుట్లు, అంటే సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. 40ని 36తో గుణిస్తే సెకనుకు 1,440 అలలు. ఇంజిన్ 3,000 చుట్లకు పోతే ఆ సంఖ్య 5,400 అవుతుంది. మనిషి చెవి చాలా చురుగ్గా పట్టుకునే శబ్దాలు సరిగ్గా ఈ రెండు అంకెల మధ్యే ఉంటాయి. యాక్సిలరేటరు తొక్కగానే కూత పైకి లేవడానికి, కాలు తీయగానే కిందికి జారడానికి కారణం ఇదే.

డయోడ్లన్నీ బాగున్నప్పుడు ఈ అలలు చిన్నవి. బ్యాటరీ వాటిని చాలావరకు మింగేస్తుంది. ఒక డయోడు పోతే మాత్రం అలల వరుసలో ఒక్కోటి తప్పిపోయి, కూతకు అడుగున బొంగురుగా ఒక గురగుర చేరుతుంది. హెడ్‌లైట్లు వేసి, బ్లోవరు పూర్తిగా తిప్పి, వెనక అద్దం డీఫాగరు కూడా ఆన్ చేస్తే గురగుర ఇంకా పెరుగుతుంది. ఇది స్టీరియోకు సంబంధించిన లోపమే కాదు. ఆల్టర్నేటరు త్వరలో మొరాయిస్తుందని స్పీకరు ముందుగా చెబుతోందన్నమాట. అలాంటి రొదను ఫిల్టరుతో అణచడం తప్పు.

టిక్కుటిక్కు ఇగ్నిషన్‌ది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌లో 800 చుట్ల వద్ద సెకనుకు దాదాపు 27 స్పార్కులు పడతాయి, 3,000 చుట్ల వద్ద 100. కాబట్టి ఇది ఈలలా సాగదు, ఐడ్లింగ్‌లో టిక్కులు విడివిడిగా తోచేటంత నెమ్మదిగా ఉండి, వేగం పెరిగితే జీరలా మారుతుంది. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో రేడియో పెట్టించుకున్న వారికి ఈ చప్పుడు బాగా పరిచయం. ఇప్పటి ప్లగ్గులలో చాలావరకు లోపలే సుమారు 5,000 ఓముల నిరోధకం ఉంటుంది. చాలా రకాల్లో ప్లగ్గు మీద ముద్రించిన నంబరులో ఆర్ అక్షరం దాన్నే సూచిస్తుంది. సర్వీసులో చవక రకం, నిరోధకం లేని ప్లగ్గులు వేసిన మర్నాటి నుంచి రేడియోలో టిక్కుటిక్కు మొదలైతే ఇక వేరే చోట వెతకనక్కర్లేదు. డీజిలు ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గులే ఉండవు. డీజిలు బండిలో అలాంటి చప్పుడు వస్తే ఇంజెక్టర్ల వైరింగు, ఏదైనా రిలే, లేదా విడిగా బిగించిన పరికరం వైపు చూడాలి.

పెట్రోలు పంపు కూత ఇంకో రకం. ఇది ఇంజిన్ వేగంతో మారదు. తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగి వినండి. చాలా కార్లలో పంపు రెండు సెకన్ల పాటు తిరిగి ఆగుతుంది. స్పీకర్లలో కూత కూడా అదే రెండు సెకన్లు వచ్చి ఆగితే దోషి దొరికినట్టే. పంపు ట్యాంకులో, అంటే వెనక సీటు కింద ఉంటుంది. డిక్కీలో యాంప్లిఫయరు పెట్టుకున్న కార్లలో సిగ్నలు వైర్లు దాని పక్కగానే పోతాయి. బ్లోవరు, వైపరు మోటార్ల రొద వాటి స్విచ్చుతోనే బయటపడుతుంది. పాత 2జీ ఫోను కాల్ వచ్చే ముందు స్పీకర్లలో చేసే బరబర సెకనుకు 217 సార్లు వచ్చే రేడియో స్పందన వల్ల. దానికి ఫోనును స్టీరియో దగ్గర నుంచి జరపడం తప్ప వేరే మందు అక్కర్లేదు.

ఇక బుస. ఇంజిన్ ఆపినా, వాల్యూము సున్నాలో ఉన్నా వినిపిస్తే అది కారు తప్పు కాదు. యాంప్లిఫయరు మీద గెయిన్ నాబును అవసరానికి మించి తిప్పారు. గెయిన్ వాల్యూము పెంచే నాబు కాదు. స్టీరియో ఎన్ని వోల్టుల సిగ్నలు ఇస్తుందో దానికి తగినట్టు యాంప్లిఫయరును అమర్చే ఏర్పాటు. మూడు వంతులు తిప్పి వదిలేసిన గెయిన్ బుసతో పాటు మిగతా రొదలన్నింటినీ పెంచి వినిపిస్తుంది.

లోపలికి వచ్చే దారులు

రొద పుట్టే చోటు ఒకటి, స్టీరియోలోకి దూరే చోటు ఇంకొకటి. పుట్టే చోటును మనం తీసేయలేం, ఆల్టర్నేటరు లేకుండా పెట్రోలు, డీజిలు కారు నడవదు. మూయగలిగింది దూరే దారినే. ఆ దారులు ప్రధానంగా మూడు: కరెంటు వైరు, ఎర్తు, గాలి. చాలామంది అనుమానం మొదట కరెంటు వైరు మీదికి, తర్వాత సిగ్నలు వైరు పక్కన పోతున్న లావు కేబులు మీదికి పోతుంది. పనిలో మాత్రం ఎర్తే ఎక్కువగా దొరుకుతుంది.

కారులో నెగెటివు వైపు విడిగా వైరు లాగరు. బాడీ రేకునే వాడతారు. స్టీరియోకు ముందు డ్యాష్‌బోర్డు దగ్గర ఒక ఎర్తు, డిక్కీలోని యాంప్లిఫయరుకు వెనక ఇంకో ఎర్తు. ఈ రెండు చోట్లా వోల్టేజీ కచ్చితంగా ఒకటే ఉంటే పేచీ లేదు. కానీ బాడీ గుండా కరెంటు పోతున్నప్పుడు ప్రతి జాయింటు దగ్గరా కొంచెం వోల్టేజీ పడిపోతుంది. యాంప్లిఫయరు 40 ఆంపియర్లు లాగుతూ, దాని ఎర్తు జాయింటులో ఓములో నూరోవంతు నిరోధం ఉంటే 0.4 వోల్టు తేడా వస్తుంది. ఆ రెండు చోట్లను కలిపే ఇంకో దారి, స్టీరియో నుంచి యాంప్లిఫయరుకు పోయే ఆర్‌సీఏ సిగ్నలు వైరు పైపొర. తేడా ఉన్నంతసేపూ ఆ పొర గుండా కరెంటు పారుతుంది. దానితో పాటు ఆల్టర్నేటరు అలలూ సిగ్నలుకు తోడవుతాయి. ఇదే ఎర్త్ లూప్. సిగ్నలు గరిష్ఠంగా 2 వోల్టులు, రొద 4 మిల్లీవోల్టులు అనుకుందాం. రొద 54 డెసిబెల్‌లు మాత్రమే కింద ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో అది స్పష్టంగా వినపడుతుంది.

ఎర్త్ లూప్‌కు మన రోడ్ల మీద అందరూ చూసే ఉదాహరణ ట్యాక్సీల్లో ఉంది. ఫోనును సిగరెట్ లైటరు సాకెట్లో ఛార్జింగుకు పెట్టి, అదే ఫోనును ఆక్స్ వైరుతో స్టీరియోకు కలిపితే ఈల మొదలవుతుంది. ఛార్జరు ఎర్తు ఒక చోట, స్టీరియో ఎర్తు ఇంకో చోట, రెంటినీ ఫోను కలిపేసింది. ఛార్జరు పీకితే ఈల పోతుంది, బ్లూటూత్‌కు మారితే ఛార్జింగులో ఉన్నా రాదు. వేరే పరికరమేదీ లేకుండా ఎర్త్ లూప్‌ను చెవితో గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

గాలిలో వచ్చే రొద ఎక్కువగా రేడియోకే తగులుతుంది. మీడియం వేవ్‌లో శబ్దాన్ని తరంగం ఎత్తులో మోస్తారు. స్పార్కు రొద కూడా ఆ ఎత్తునే చెదరగొడుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌ల మీద తరాల పాటు విన్న శ్రోతలకు, స్కూటరు పక్కగా పోతే రేడియో బరబరలాడటం గుర్తుండే ఉంటుంది. ఎఫ్ఎమ్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ మార్పులో ఉంటుంది గనుక రిసీవరు ఎత్తులోని చెదురును కత్తిరించి పారేయగలదు. అయినా చవక ఛార్జర్లు, డ్యాష్ కెమెరాల అడాప్టర్లు, హెడ్‌లైటు డ్రైవర్లు లోపల సెకనుకు లక్షలసార్లు కరెంటును ఆపి వదులుతూ, ఎఫ్ఎమ్ పట్టీ దాకా చెత్త వెదజల్లుతాయి. ఊళ్లో వచ్చే స్టేషను ఊరు దాటగానే మాయమవుతోందంటే యాంటెన్నాను తప్పుపట్టే ముందు డ్యాష్ కెమెరా ప్లగ్గు ఒకసారి పీకి చూడాలి.

జాడ తీసే వరుస

కావలసిన సరంజామా తక్కువే. ఒక మల్టీమీటరు, కొన్ని మీటర్ల లావు వైరు, ఛార్జరు తగిలించని ఒక ఫోను, ఒక జత షార్టింగ్ ప్లగ్గులు. షార్టింగ్ ప్లగ్గు బజారులో దొరక్కపోతే చేసుకోవచ్చు. మామూలు ఆర్‌సీఏ పిన్ను తీసుకుని నడిమి పుల్లనూ బయటి రింగునూ చిన్న తీగ ముక్కతో కలిపి సోల్డరు చేస్తే చాలు. దాన్ని యాంప్లిఫయరు ఇన్‌పుట్‌లోనే గుచ్చాలి. స్టీరియో అవుట్‌పుట్‌లో ఎన్నడూ గుచ్చకూడదు.

మొదట చెవి పని. ఇంజిన్ ఆపి, స్టీరియో వేసి, వాల్యూము సున్నాలో వినాలి. తర్వాత తాళం ఆన్ చేసి, తర్వాత ఇంజిన్ స్టార్టు చేసి, రేజ్ చేసి, లైట్లు, బ్లోవరు ఒక్కొక్కటే వేస్తూ వినాలి. రొద ఏ మెట్టులో మొదలైందో రాసుకోవాలి. ఆ పైన వాల్యూము పెంచి చూడాలి. వాల్యూముతో పాటు రొద పెరిగితే అది వాల్యూము కంట్రోలుకు ముందే దూరింది. అంటే యాంటెన్నా, ఆక్స్ వైరు, ఫోను వంటి మూలాల నుంచి. వాల్యూము ఎంత తిప్పినా రొద అలాగే ఉంటే అది ఆ తర్వాత, స్టీరియో అవుట్‌పుట్ నుంచి స్పీకరు దాకా ఉన్న భాగంలో దూరింది. ఈ ఒక్క ప్రశ్నతో సగం కారును వెతుకులాట నుంచి తప్పించవచ్చు. రేడియో వేసినప్పుడే రొద ఉండి, బ్లూటూత్‌లో లేకపోతే యాంటెన్నా ప్లగ్గు వెనక నుంచి పీకాలి. రొద పోతే యాంటెన్నా ద్వారా వస్తోంది. యాంటెన్నా మొదట్లో ఎర్తు తుప్పు పట్టిందేమో చూడాలి.

రొద వాల్యూముకు లొంగకపోతే పని డిక్కీలో. యాంప్లిఫయరు ఆపి, ఆర్‌సీఏ వైర్లు పీకి, షార్టింగ్ ప్లగ్గులు గుచ్చి, మళ్లీ ఆన్ చేసి ఇంజిన్ నడపాలి. అప్పటికీ కూత వస్తుంటే యాంప్లిఫయరుకే సంబంధించిన లోపం: దాని ఎర్తు, దాని కరెంటు వైరు, లేదా ఎక్కడో బాడీకి రాసుకుంటున్న స్పీకరు వైరు. యాంప్లిఫయరు పెట్టె స్క్రూలు నేరుగా బాడీ రేకులోకి దిగినా రెండో ఎర్తు ఏర్పడి కూత వస్తుంది. చెక్క పలక మీద బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. షార్టింగ్ ప్లగ్గుతో నిశ్శబ్దం వచ్చిందా, యాంప్లిఫయరు నిర్దోషి. ఇప్పుడు ఆర్‌సీఏ వైరును యాంప్లిఫయరుకు పెట్టి, స్టీరియో వైపు చివరను విప్పి, అక్కడ పుల్లనూ రింగునూ కలపాలి. రొద వస్తే వైరు దారిలో ఏదో కేబులు నుంచి పట్టుకుంటోంది, దారి మార్చాలి. రాకపోతే ఆ చివరకు ఛార్జరు లేని ఫోను తగిలించి పాట పెట్టాలి. ఫోనుతో శుభ్రంగా ఉండి, స్టీరియోతో మాత్రమే రొద వస్తే దోషం స్టీరియోలో లేదా దాని ఎర్తులో ఉంది.

స్టీరియో ఎర్తును పరీక్షించడానికి లావు వైరు ముక్కతో దాని లోహపు పెట్టెను తాత్కాలికంగా యాంప్లిఫయరు ఎర్తు దగ్గరికి కలపాలి. కూత తగ్గితే దారి తెలిసినట్టే. కొన్ని స్టీరియోలలో ఆర్‌సీఏ పైపొరను లోపలి ఎర్తుకు కలిపే చిన్న ఫ్యూజు బోర్డు మీదే ఉంటుంది. కరెంటు ఉండగానే ఆర్‌సీఏ పిన్నులు పీకి పెడితే అది కాలిపోవచ్చు. కాలినా పాట వస్తూనే ఉంటుంది, కానీ ఆ రోజు నుంచి కూత వదలదు. పరీక్షగా ఆర్‌సీఏ బయటి రింగును స్టీరియో పెట్టెకు చిన్న తీగతో తాకించగానే నిశ్శబ్దం వస్తే ఆ ఫ్యూజు పోయినట్టు. ఏ పిన్ను ముట్టుకునే ముందైనా సెట్టు ఆపడం అందుకే తప్పనిసరి.

మల్టీమీటరు రెండు చోట్ల పనికొస్తుంది. ఎర్తు జాయింటును ఓముల్లో కొలవడం వృథా. మీటరు సొంత వైర్లకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ, పాట గట్టిగా మోగుతుండగా, డీసీ మిల్లీవోల్టుల్లో బ్యాటరీ నెగెటివు సీసపు కొమ్ముకూ యాంప్లిఫయరు ఎర్తు స్క్రూకూ మధ్య కొలవాలి. పదో వంతు వోల్టు లోపే ఉంటే మంచిది. రెండు పదో వంతులు దాటితే జాయింటు విప్పి చూడాలి. రెండో కొలత ఆల్టర్నేటరు అలలది. ఏసీ వోల్టుల్లో బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య పెడితే, ఆరోగ్యంగా ఉన్న కారులో వందో వంతుల్లో కొద్దిపాటి అంకె రావాలి. అర వోల్టు దాటితే డయోడ్లను అనుమానించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చవక మీటర్లు ఏసీలో పెట్టినప్పుడు డీసీని కూడా లెక్కేసి 28 వోల్టుల వంటి అబద్ధపు అంకె చూపిస్తాయి. వైర్లు తిరగేస్తే సున్నా చూపిస్తాయి. అలాంటి మీటరుకు ఎర్ర వైరు దారిలో ఒక చిన్న కండెన్సరు పెట్టి కొలిస్తే నిజం తెలుస్తుంది.

ఆల్టర్నేటరు పని చేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినలు పీకడం కొందరు మెకానిక్‌లకు పాత అలవాటు. కంప్యూటరు ఉన్న కార్లలో ఇది ప్రమాదం. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజీ ఒక్కసారి పదుల వోల్టులకు ఎగసి, ఇంజిన్ కంట్రోలు యూనిట్టునూ స్టీరియోనూ కాల్చగలదు. పసుపు రంగు తొడుగుల్లో ఉండే ఎయిర్‌బ్యాగు వైర్లను కూడా ముట్టుకోకూడదు.

దిద్దుబాట్లు

ఎర్తు సరి చేయడమే మొదటి దిద్దుబాటు. బోల్టు కింద రంగు, ప్రైమరు పూర్తిగా గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, పళ్లున్న వాషరు వేసి, క్రింపు చేసిన లగ్గుతో బిగించాలి. ఎర్తు వైరు కరెంటు వైరంత లావు ఉండాలి. పొడవు అర మీటరు దాటకపోతే మేలు. బిగించాక గ్రీజో రంగో పూయాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి మెరిసే రేకు త్వరగా తుప్పు పడుతుంది. సీటు బెల్టు బోల్టు అందుబాటుగా కనిపిస్తుంది కానీ దానికి ఎర్తు తగిలించకూడదు. అది ప్రాణాలు కాపాడే బోల్టు. ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీ నెగెటివు నుంచి బాడీకి పోయే కంపెనీ ఎర్తు పట్టీలను కూడా ఇదే చేత్తో చూడటం మంచిది.

సిగ్నలు వైరు ఒక పక్క, కరెంటు కేబులు ఇంకో పక్క వేయాలన్న నియమం మంచిదే. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి. మెలివేసిన జంట తీగలున్న ఆర్‌సీఏ వైరు అయస్కాంత ప్రభావాన్ని బాగా తట్టుకుంటుంది. పైపొర ఒక్కటే ఉన్న వైరు ఆ పని చేయలేదు. ఖరీదైన వైరు వేసి ఎర్తును వదిలేస్తే మాత్రం కూత అలాగే ఉంటుంది.

ఫిల్టర్లకూ చోటుంది, కానీ చివర్లో. చోకు, కండెన్సరు కలిపిన కరెంటు ఫిల్టరు కొన్ని ఆంపియర్లే లాగే స్టీరియోకు పనికొస్తుంది. యాంప్లిఫయరు లాగే కరెంటుకు తగిన చోకు చేయాలంటే ఇటుకంత అవుతుంది. ఆర్‌సీఏ దారిలో పెట్టే ఎర్త్ లూప్ ఐసొలేటరులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. కూతను అది నిజంగానే ఆపుతుంది. చవక రకంలో కోరు చిన్నది గనుక, కూతతో పాటు పాటలోని బాస్‌ను కూడా తినేస్తుంది. సబ్ ఊఫరు కోసం వేలు పోసినవాడికి ఇది నష్టం. ఒక ఫారడ్ కండెన్సరు ఈ కూతకు మందు అని అమ్మడం కూడా మామూలే. అది చేయగలిగింది బాస్ దెబ్బకు వోల్టేజీ కుంగకుండా కాస్త ఆసరా ఇవ్వడమే. ఎర్త్ లూప్ మీద దానికి పట్టు లేదు.

లారీలు, బస్సులది వేరే కథ. వాటిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. కారు స్టీరియో కోసం మధ్య నుంచి 12 వోల్టులు లాగడం ఆటోనగర్‌లలో తరచు కనిపించే చిట్కా. దీనివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ ఎక్కువ ఖర్చవుతుంది, రెండోది ఎక్కువ ఛార్జవుతుంది, రెండూ త్వరగా పోతాయి. కన్వర్టరు పెట్టడమే సరైన దారి. చవక కన్వర్టరు రేడియోలో జల్లు కురిపిస్తుంది కాబట్టి దాన్ని స్టీరియోకు దూరంగా, లోహపు పెట్టె ఉన్న రకం చూసి బిగించాలి.

కొత్త వాహనాలు

కొత్త కార్లలో కంపెనీ యాంప్లిఫయరుకు సిగ్నలు చాలాసార్లు సమతూక జంట తీగల్లో పోతుంది. రెండు తీగల్లోనూ సమానంగా దూరిన రొదను యాంప్లిఫయరు తీసివేతలో కొట్టేస్తుంది. 2001లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్ వాడిన మోస్ట్ అనే వ్యవస్థలో ఆడియో ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబరు గుండా వెలుతురుగా ప్రయాణిస్తుంది. ఎర్తే లేని దారిలో ఎర్త్ లూప్ పుట్టే వీల్లేదు. బయటి యాంప్లిఫయరును ఇలాంటి కారుకు తగిలించేటప్పుడు స్పీకరు నెగెటివు తీగను బాడీకి కలపడం పెద్ద పొరపాటు. ఇప్పటి స్టీరియోలలో ఆ తీగలోనూ సిగ్నలు ఉంటుంది.

విద్యుత్ కారులో ఆల్టర్నేటరు లేదు, దాని కూతా లేదు. దాని చోట మోటారును నడిపే ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చే కన్వర్టరు వచ్చి చేరాయి. ఇవి వందల వోల్టులను వేగంగా ఆపి వదులుతూ మీడియం వేవ్ పట్టీని చెడగొడతాయి. బీఎమ్‌డబ్ల్యూ ఐ3, టెస్లా కార్లలో ఏఎమ్ రేడియోను తీసేయడానికి చెప్పిన కారణం ఇదే. ఫోర్డ్ కూడా తీసేస్తానని చెప్పి, అత్యవసర ప్రసారాలు అందవన్న విమర్శ రావడంతో 2023 మేలో వెనక్కి తగ్గింది. అన్ని కార్లలో ఏఎమ్ తప్పనిసరి చేసే బిల్లు అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ ముందుకు వచ్చింది. షీల్డింగు ఖర్చు భరిస్తే ఈ రొదను అణచడం సాధ్యమే. ఆ ఖర్చు పెట్టకపోవడం కంపెనీల ఎంపిక.

యాంప్లిఫయరు పెట్టించుకున్న కారులో కూత మొదలై, దుకాణంలో ఫిల్టరు వేద్దామంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు మీ కళ్ల ముందే షార్టింగ్ ప్లగ్గు పరీక్ష చేయమనండి. ఆ తర్వాత డిక్కీలో యాంప్లిఫయరు ఎర్తు బోల్టు విప్పించి, దాని కింద రంగు ఉందో, రేకు మెరుస్తోందో మీరే చూడండి.